నిప్పులో వేసిన పిల్లనగ్రోవి

నా చిన్నప్పుడు అక్షరాల కంటే ముందు నాకు వచ్చిన విద్య అసహ్యించుకోవడం. అది మా మేనత్త నేర్పింది. అక్షరాలూ ఆమే నేర్పింది, పద్యాలూ ఆమే చెప్పింది. నేను బడి మొహం చూడకుండానే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆ సంగతి ముందు చెప్పుకొని మిగిలింది చెబుతాను. పలక కంటే ముందు ఆమె నా చేతికిచ్చింది నీళ్ళ చెంబు. పెదవులకు తగలకుండా చెంబు ఎత్తి, ధార నేరుగా గొంతులో పడేట్టు తాగడం వచ్చాకే నాకు అ ఆలు మొదలయ్యాయి. పెదవికి తగిలిందా, చెంబు ఎంగిలి. ఆ చెంబు పట్టుకున్న చెయ్యి ఎంగిలి. ఆ చెయ్యి తగిలిన తలుపు గడియ ఎంగిలి. మా ఇంట్లో ఎంగిలి అనేది కంటికి కనిపించని చీమల బారులాగా ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి పాకుతూ ఉండేది. మేము దాని వెంట నీళ్ళు పోసుకుంటూ తిరిగేవాళ్ళం.

చిన్న వయసులోనే భర్త పోయి పుట్టిల్లు చేరిన మనిషి మా మేనత్త. ఇంట్లో ఆమెకంటూ ఒక గది లేదు, ఒక పెట్టె లేదు. మడి ఒక్కటే ఆమె మాట చెల్లే రాజ్యం. అది నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడు మాత్రం ఆమె చెప్పిందల్లా వేదమే. గల్లీలో పిల్లలు పలక మీద ఉమ్మి అరచేత్తో తుడుచుకుంటుంటే నాకు కడుపులో తిప్పేది. ఒకరు కొరికిన జామపండు ఇంకొకరు అందుకుంటుంటే అటు చూడలేకపోయేదాన్ని. మా తమ్ముడు పాకే వయసులో నా భుజం మీద చొంగ కారిస్తే, వాణ్ణి అక్కడే కింద దించేసి బట్ట మార్చుకోవడానికి పరుగెత్తేదాన్ని.

మేము ఉప్పుగూడలో, రైలు స్టేషనుకు కొంచెం ఇవతల ఉండేవాళ్ళం. మా నాయన రైల్వేలో గుమాస్తా. పొద్దున పోతే దీపాలవేళకు గాని వచ్చేవాడు కాదు. ఇంటికి పెద్దదిక్కు మా తాతయ్య, మా మేనత్తకు కన్నతండ్రి. పౌరోహిత్యం చేసేవాడు కనుక ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన పంతులు. ఆయనకూ ఆచారం ఎక్కువే. బయటికి వెళ్ళి వస్తే కాళ్ళు కడుక్కోకుండా గడప దాటేవాడు కాదు, పరాయి ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాడు కాదు.

ఒక చలికాలం మా తమ్ముడికి కోరింతదగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చిందంటే పసివాడు విల్లులా వంగిపోయి, ఊపిరి అందక, చివరికి పుంజు కూసినట్టు ఒక కూత పెట్టి గాలి లోపలికి లాక్కునేవాడు. ఆ వెంటనే తిన్నదంతా కక్కేవాడు. అమ్మ వాణ్ణి పట్టుకుంటే మేనత్త ఎత్తిపోసేది. ఎన్నిసార్లు ఎత్తిపోస్తే అన్నిసార్లు నూతి దగ్గరికి పోయి తలమీద చన్నీళ్ళు గుమ్మరించుకునేది. నేను గుమ్మంలో ముక్కు మూసుకొని నిలబడి చూసేదాన్ని. ఆ పుల్లటి వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోట్లో వికారపు నీళ్ళు ఊరుతాయి.

దగ్గు తగ్గింది గాని ఊపిరి తిరిగి రాలేదు. గడప దాటితే ఆయాసం. ఏడ్చినా ఆయాసం. పెదవుల చుట్టూ సన్నగా ఒక నీలం గీత ఏర్పడింది. శాలిబండలో పిల్లల జబ్బులకు పేరుపడ్డ హకీము ఒకాయన ఉండేవాడు. ఆయన ఇచ్చే పొడి మందులకు మాత్రం మా మేనత్త ఒప్పుకుంది. తడిమందైతే అందులో ఆయన ఇంటి నీళ్ళు కలిసి ఉంటాయి, పొడికి దోషం లేదని ఆమె లెక్క. ఆ పొడిని మా ఇంటి తేనెలో రంగరించి నాకించేది. హకీము ఒకరోజు మా తమ్ముడి వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. వీడి ఛాతీ ముడుచుకుపోయిన తోలుతిత్తిలాగుంది, రోజూ కొంచెం కొంచెంగా గాలి నింపి వదిలితేనే తెరుచుకుంటుంది, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు పిల్లనగ్రోవి ఊదించండి అన్నాడు. వెదురుదైతే పెదవి వంపు కుదరాలి, అది పసివాడికి రాదు, మూతి నోట్లో పెట్టుకొని ఊదే రేకుదే కావాలన్నాడు. కాని ఒక హెచ్చరిక చేశాడు. రవ్వంత ఊపిరికే పలికేది దొరకాలి. గట్టిగా ఊదితే గాని పలకనిది ఇస్తే మళ్ళీ దగ్గు తెర లేస్తుంది, ఈసారి లేస్తే పిల్లవాడు తట్టుకోలేడు. ఆ మాట విన్నప్పుడు మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ విధంగా మేము రేకు పిల్లనగ్రోవి కోసం బయలుదేరాము. మేము అంటే తాతయ్య, నేను. తమ్ముడి నోట్లోకి పోయే వస్తువు శుభ్రంగా ఉందో లేదో చూసుకొని రమ్మని మేనత్త నన్ను వెంట పంపింది. ఎంగిలి కనిపెట్టడంలో నా కళ్ళ మీద ఆమెకు అంత నమ్మకం.

పురానాపూల్ అవతల వారం వారం జరిగే అంగడిలో ఒకడు పొడుగాటి గడకు గడ్డి చుట్టి, ఆ గడ్డిలో పిల్లనగ్రోవులు గుచ్చుకొని అమ్ముతున్నాడు. నోటినిండా పాన్. ఒక్కొక్కటీ గడ్డిలోంచి లాగి, రెండు ముక్కలు ఊది, బేరం కుదరకపోతే మళ్ళీ గడ్డిలో గుచ్చేస్తున్నాడు. ప్రతి పిల్లనగ్రోవి మూతికీ ఎర్రటి మరక. కొన్నిటికి తడి ఇంకా ఆరలేదు. చుట్టూ మూగిన పిల్లలు కూడా చేతికందింది లాగి ఊదుతున్నారు, ముక్కు చీమిడి పై పెదవి మీదికి కారుతున్న ఒక పోరడు ఊది పెట్టేసినదాన్నే ఇంకొకడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. మూతి నుంచి వాడి పెదవి దాకా సన్నటి దారంలా సాగిన చొంగ ఎండలో మెరవడం నేను చూశాను. అంతే, తాతయ్య పంచె పట్టుకొని అక్కడే వాంతి చేసుకున్నాను.

తాతయ్య నా మొహం కడిగించి, ఎవరూ ఊదనిది ఉంటే ఇమ్మని అమ్మేవాణ్ణి అడిగాడు. వాడు నవ్వి, సంచి అడుగు నుంచి కొత్తది ఒకటి తీసి ఇచ్చాడు. నేను తిప్పి తిప్పి చూశాను. మరక లేదు, తడి లేదు, మెరుస్తోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి తెచ్చాక మా మేనత్త కూడా మెచ్చుకుంది. తమ్ముడు దాన్ని నోట్లో పెట్టుకొని ఊదితే ఉస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా ఊదాడు. కీచుమంది. అంతలో వాడి కళ్ళు తేలిపోయి, నీలం గీత నల్లగా మారి, మానిందనుకున్న ఆ పుంజు కూత మళ్ళీ వినబడింది. మేనత్త ఆ పిల్లనగ్రోవిని లాక్కొని గోడ అవతలికి విసిరేసింది.

టాంగావాలా ఒకతను చెబితే తెలిసింది, పురానాపూల్ దిగి మూసీ వారగా పోయే గల్లీలో ఒక ముసలి ఉస్తాద్ ఉన్నాడని. గ్యాసునూనె డబ్బాలు విప్పి చిమ్నీ దీపాలు, నూనె వంచే గరాటలు చేస్తాడని, పని తక్కువైన రోజుల్లో బాసురీలు, అంటే రేకు పిల్లనగ్రోవులు, చేస్తాడని, అవి ఊదడమెందుకు, పక్కన కూర్చొని మాట్లాడితే పలుకుతాయని అతను గొప్పగా చెప్పాడు.

ఆ కొట్టు గుర్తొస్తే నాకు మొదట వాసనే వస్తుంది. గ్యాసునూనె, కాలిన బొగ్గు, మాటు వేసేటప్పుడు రేకు మీద రాసే తేజాబు అనే ఘాటు ద్రావకం. ఉస్తాద్ సన్నగా, తెల్లటి గడ్డంతో, పొయ్యి ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. పక్కనే బూడిద పోసిన ఒక డబ్బా. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, దగ్గి, గళ్ళ ఆ డబ్బాలో ఉమ్మి, పైన చిటికెడు బూడిద చల్లేవాడు. నేను గడప అవతలే నిలబడ్డాను. ఆ డబ్బా వైపు చూడకూడదనుకుంటాను, కళ్ళు అటే పోతాయి.

తాతయ్య జబ్బు సంగతంతా చెప్పాడు. ఉస్తాద్ విని, చేసి పెట్టినవాటిలోంచి తీసి ఇవ్వకుండా కొత్తది మొదలుపెట్టాడు. రేకును ఇనుప కడ్డీ మీద గొట్టంలా చుట్టి, సీసం కరిగించి అంచులు కలిపి మాటు వేశాడు. మూతిలో చిన్న చెక్కముక్క దూర్చి, దాని పైన గోరంత సందు వదిలాడు. ఊపిరి ఆ సందులోంచి పోయి ముందున్న రేకు అంచుకు తగిలితేనే పిల్లనగ్రోవి పలుకుతుంది. సందు రవ్వంత వెడల్పైతే గాలి వృథా, రవ్వంత ఇరుకైతే కీచు. అందుకని ఆకురాయితో ఒక్కసారి గీకుతాడు, నోట్లో పెట్టుకొని ఊదుతాడు, చూస్తాడు. మళ్ళీ గీకుతాడు, మళ్ళీ ఊదుతాడు. ఆ నోరు ఇందాక బూడిద డబ్బాలో ఉమ్మిన నోరు. ఆయన పెదవుల తడి రేకు మీద పడి, ఆరి, మళ్ళీ పడుతుంటే నా ఒళ్ళంతా ముడుచుకుపోయింది. కాని ఉన్నట్టుండి ఆ రేకు పలికింది. ఎంత మెత్తగా అంటే, పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు వచ్చే చప్పుడులాగా, అలా మొదలై స్వరంలోకి జారింది. ఆయన బుగ్గలు కూడా ఉబ్బలేదు.

తాతయ్య దాన్ని ఉత్తరీయం కొసలో మూటకట్టి తెచ్చాడు. నేను ముట్టలేదు.

ఇంట్లో మేనత్త అడిగిన మొదటి ప్రశ్న, దీన్ని ఎవరు ఊదిన్రు అని. నేను చూసిందంతా చెప్పాను. గళ్ళ డబ్బా సంగతి కూడా వదలకుండా చెప్పాను. ఆమె మొహం నా మొహంలాగే అయిపోయింది. కాని పిల్లనగ్రోవిని పారెయ్యమనలేదు. పసివాడికి అది కావాలి, ఆమెకూ తెలుసు. ఇత్తడి చెంబు ఎవరిదైనా చెయ్యి తగిలి మైలపడితే ఆమె చేసే పని ఒకటుంది. నిప్పుల్లో పెట్టి తీసేది. అగ్నిహోత్రానికి మైల లేదు కదా. తాతయ్య ఇంకా బయట నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మేనత్త పిల్లనగ్రోవిని పట్టకారుతో పట్టుకొని, కుంపట్లో ఎర్రగా ఉన్న నిప్పుల మీద, దేవుడి ముందు పెట్టినంత జాగ్రత్తగా పెట్టింది.

మాటు కరిగి, మెరిసే బొట్లు బొట్లుగా నిప్పుల్లోకి జారింది. గొట్టం నోరు తెరిచినట్టు నిలువునా విచ్చుకుంది. మూతిలో చెక్కముక్క పొగలేచి నల్లబడింది. మేనత్త పట్టకారు పట్టుకొని అలాగే ఉండిపోయింది. తమ్ముడు నా బాసురీ ఏదని మెల్లగా, ఆగి ఆగి అడుగుతుంటే ఆమె లేచి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు జాలి వేసింది గాని, నిజం చెప్పాలంటే, ఆ ఎంగిలి వస్తువు తమ్ముడి నోట్లోకి పోలేదన్న తృప్తి కూడా కలిగింది.

మర్నాడు తాతయ్య మళ్ళీ నన్ను తీసుకొని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. దాచకుండా జరిగింది చెప్పాడు. ఆయన ముందు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గేదాకా మేము ఆగాము.

"పంతులు సాబ్, బాసురీకి గూడ దహనం జేసిన్రా," అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను గడప అవతల ఉన్నాను, ముక్కు మీద చెయ్యి ఉంది. ఆయన చూపు అక్కడ ఒక్క క్షణం ఆగింది. "ఫికర్ లేదు. ఈసారి నా నోరు పెట్టను. బేటీ ఊదుతది, నేను గీకుత. ఇగ ఎవరికీ లొల్లి లేదు."

అలా నేను గడప దాటి లోపలికి వచ్చాను. ఆయన గీకి, నీళ్ళలో ముంచి, గుడ్డతో పట్టుకొని నా వైపు చాపేవాడు. నేను ఊదేదాన్ని. ఆయన తల పక్కకు వంచి వినేవాడు. నా నోరు, నా ఊపిరి, నా ఎంగిలే గనుక నాకు అసహ్యం లేదు. పైగా గర్వంగా ఉంది. సాయంత్రానికి అది గలగలమని పలికింది, గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఉస్తాద్ మాత్రం దాన్ని తన పెదవుల దాకా తీసుకుపోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చినట్టు ఆగి, నా చేతిలో పెట్టాడు.

ఇంట్లో మేనత్తకు పేచీ లేదు. పిల్లదేగా ఊదింది అంది. తమ్ముడు ఊదాడు. గాలి. మళ్ళీ ఊదాడు. గాలి. నాకు గలగలా పలికింది వాడికి పలకలేదు. నన్ను చూసి, నేను ఊదినట్టే ఊదాలని పంతం పట్టి బలమంతా పెట్టి ఊదాడు. ఆ తర్వాత వచ్చిన దగ్గు తెర గురించి నేను ఎక్కువ రాయలేను. వాడు అమ్మ చేతుల్లో తడిగుడ్డలా వేలాడిపోయాడు. ఊపిరి అందుకున్నాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. మేనత్త దేవుడి గూటి ముందు తల ఆనించి పడి ఉంది. 

వాడు కొంచెం కోలుకున్నాక తాతయ్య ఎవరితోనూ ఆలోచన చెయ్యలేదు. వాణ్ణి శాలువాలో చుట్టి, భుజాన వేసుకొని, నన్ను రమ్మని టాంగా ఎక్కాడు.

ఉస్తాద్ తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, వాడి ఊపిరి వింటూ తన ఊపిరి ఆపాడు. మేము వెంట తెచ్చిన నా పిల్లనగ్రోవి తీసుకొని పక్కన పెట్టాడు.

"ఇది పిల్ల ఊపిరికి కుదిరింది. మంచి ఊపిరి, అల్లా సల్లగ జూడాలె. పోరనికి గంత యాడికెల్లి వస్తది," అన్నాడు. తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఈ పొగ, ఈ తేజాబు నాది తినేసినయి. గింతే మిగిలింది నాకు. గందుకే నా బాసురీ గింత ఊపిరికే మాట్లాడ్తది. లేకుంటే నాకే పలకది గద."

తాతయ్య తమ్ముడి భుజం మీద శాలువా సర్దాడు. తర్వాత, మరి మీరే ఊది చెయ్యండి ఉస్తాద్ అన్నాడు.

ఆయన చేశాడు. గీకాడు, ఊదాడు, దగ్గాడు, ఉమ్మాడు, బూడిద చల్లాడు, మళ్ళీ ఊదాడు. మొదటి రోజు నేను చూసిందే మళ్ళీ చూశాను. ఈసారి గడప లోపల, చేతికందేంత దగ్గర నుంచి చూశాను. కారణం తెలిసింది కదా, అసహ్యం పోయిందేమో అని ఎవరైనా అనుకోవచ్చు. పోలేదు. ఇంకా ఎక్కువైంది. ఆయన గొంతులో గురగుర నాకు వినిపిస్తోంది. మూతి నుంచి ఒక బొట్టు జారి ఆయన వేలి మీద పడింది, దాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. అంతలో ఆ పాల చప్పుడు లాంటి స్వరం లేచింది.

ఉస్తాద్ దాన్ని తమ్ముడి వైపు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నవ్వుతూనే అడిగాడు గాని ఆ నవ్వు కళ్ళలో లేదు.

"మళ్ళ నిప్పుల ఏస్తరా, పంతులు సాబ్?"

తాతయ్య చెయ్యి చాపి దాన్ని తీసుకున్నాడు. కడగమనలేదు. ఉత్తరీయంతో తుడవలేదు. మూతి మీద తడి అలాగే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే సంధ్యావందనం చేసిన నోట్లో దాన్ని పెట్టుకొని ఊదాడు. ఆయనకు ఊదడం రాదు. ఏదో అపస్వరం వచ్చింది. తమ్ముడు కిసుక్కున నవ్వాడు. నాకు మాత్రం గొంతు దాకా వచ్చేసింది. మా తాతయ్య వంక చూడలేక, బయటికి పరుగెత్తి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. అంగడిలో చీమిడి పోరణ్ణి చూసినప్పటికంటే ఎక్కువగా, నేను ప్రాణంలా చూసుకునే మనిషిని చూసి నాకు ఆ నిమిషంలో అసహ్యం పుట్టింది.

లోపలి నుంచి పిల్లనగ్రోవి వినబడింది. ఉస్తాద్ ఊదినట్టు లేదు, తాతయ్య ఊదినట్టు లేదు. చిన్నగా, ఆగి, మళ్ళీ అందుకొని, ఒకే స్వరం. దగ్గు రాలేదు. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. ఉస్తాద్ ఒళ్ళో కూర్చొని తమ్ముడు ఊదుతున్నాడు. వాడి బుగ్గలు కూడా ఉబ్బలేదు.

టాంగాలో తిరిగి వస్తుంటే తమ్ముడు తాతయ్య ఒళ్ళో నిద్రపోయాడు, పిల్లనగ్రోవి గుప్పిట్లోనే ఉంది. నేను తాతయ్యకు దూరంగా జరిగి కూర్చున్నాను. కొంత దూరం పోయాక ఉండబట్టలేక అడిగాను, నీకు కడుపుల తిప్పలేదా తాతయ్యా అని.

"తిప్పింది," అన్నాడు. "ఇంక తిప్పుతనే ఉన్నది."

నేను ఆయన మొహంలోకి చూశాను. నిజమే. పెదవులు బిగపట్టుకొని ఉన్నాడు, నుదుటి మీద చెమట పట్టి ఉంది. ఉమ్మి మింగడానికి కూడా ఆయన సంకోచిస్తున్నాడని అప్పుడు గమనించాను. అంతదాకా నేను అనుకున్నది, మా తాతయ్యకు ఏదో జ్ఞానం కలిగి, ఒక్క దెబ్బకు ఎంగిలి, మైల అన్నీ ఆయనకు లేకుండా పోయాయని. అలాంటిదేమీ జరగలేదు. ఆయన కడుపు నా కడుపులాంటిదే.

"తిప్పితే తిప్పనీ బిడ్డా. పోరడు ఊదాలె గద."

ఇంటి గుమ్మంలోనే మేనత్త ఎదురైంది. తమ్ముడి రంగు చూసింది, గుప్పిట్లో ఉన్నదాన్ని చూసింది. ఎవరు ఊదిన్రు నాయనా అని అడిగింది. నేనే ఊదిన తల్లీ అన్నాడు తాతయ్య. పెద్దల ఎంగిలి పిల్లలకు దోషం కాదు, తాత తినగా మిగిలింది మనమలకు ప్రసాదం లాంటిది. ఆ ఆచారం ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. తన తండ్రికి పిల్లనగ్రోవి ఊదడం రాదని, ఆయన ఊదితే ఆ రేకు అలా కుదరదని కూడా ఆమెకు తెలుసు. నన్ను అడిగితే మొత్తం చెప్పేసేదాన్ని. నా వైపు తిరిగింది కూడా. కాని అడగలేదు. నిద్రపోతున్న వాడి వేళ్ళు విడదీసి పిల్లనగ్రోవిని తన చేత్తో తీసుకొని, చల్లటి నీళ్ళతో కడిగి, మడిబట్ట కొంగుతో తుడిచి వాడి తలగడ పక్కన పెట్టింది. తర్వాత నూతి దగ్గరికి పోయి స్నానం చేసింది. ఆ స్నానం మానలేకపోయింది, పాపం. కుంపటి జోలికి మాత్రం పోలేదు.

వేసవి వచ్చేసరికి తమ్ముడు గల్లీ చివరిదాకా పరుగెత్తుతున్నాడు. ఎండాకాలం అంతా ఆ ఒక్క స్వరంతో మా చెవులు తినేశాడు. ఆ దేవుడి దయవల్ల వాడు పెద్దవాడై, పిల్లల్ని కని, వాళ్ళ పిల్లల్ని కూడా ఎత్తుకున్నాడు. ఉస్తాద్ కోసం తాతయ్య బతికున్నన్నాళ్ళూ సంకల్పంలో ఒక మాట కలిపి చెప్పుకునేవాడు. ఏ గోత్రంతో, ఏ పేరుతో చెప్పుకునేవాడో నేను అడగలేదు.

మా మేనత్త చివరి రోజుల్లో మంచంలో పడింది. అన్నీ మంచంలోనే. నేనే చేశాను. సేవ చేస్తుంటే అసహ్యం కరిగిపోతుందని పురాణాలు చెప్పేవాళ్ళు చెబుతుంటారు, నాకు ఒక్కనాడూ కరగలేదు. ఎత్తిన ప్రతిసారీ కడుపులో తిప్పింది. తిప్పితే తిప్పనీ అనుకొని ఎత్తాను. ఆమె నా మొహం చూసేది. నేను దాచలేకపోయేదాన్ని, ఆమే నేర్పిన విద్య కదా. ఆమె ఒక్కసారి కూడా నొచ్చుకోలేదు.

ఇప్పుడు నన్ను చూసుకోవడానికి ఒక అమ్మాయి వస్తుంది. పెళ్ళి కావలసిన పిల్ల, చేతులు నాజూకు. నా పక్క మార్చేటప్పుడు, నా నోరు తుడిచేటప్పుడు ఆ పిల్ల ముక్కు దగ్గర సన్నగా ఒక ముడత పడుతుంది. తల పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టుకుంటుంది. నేను చూస్తున్నానని తెలిసి ఒకసారి సిగ్గుపడి, ఏమీ లేదమ్మమ్మా అంది. ఉంటే ఉండనీ తల్లీ అన్నాను. ఆ ముడత లేకుండా చేసేవాళ్ళు దేవతలు, వాళ్ళకు అది పెద్ద పనేం కాదు. ఈ పిల్ల ఆ ముడతతోనే రోజూ వస్తోంది. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు నేను ఆ చేతులు తలుచుకొని ఇంకొక దణ్ణం పెట్టుకుంటాను.